హ్యూస్టన్ పడమర శివార్లలో మాస్టర్ ప్లాన్డ్ కమ్యూనిటీ ఇల్లు: సంతకానికి ముందు చూడాల్సినవి

మీరు రాసింది చదివాను. ఇద్దరూ హెచ్1బీ మీద ఉద్యోగాలు చేస్తున్నారు. పాప రెండో తరగతి, బాబుకి మూడేళ్లు. ఏడాదిలో కొన్ని నెలలు పెద్దవాళ్లు వచ్చి ఉంటారు. హ్యూస్టన్‌కి పడమర, ఫుల్షర్ వైపు ఒక కొత్త మాస్టర్ ప్లాన్డ్ కమ్యూనిటీలో, అంటే ఇళ్లు, పార్కులు, బడి స్థలం అన్నీ ఒకే ప్లాన్‌తో కట్టే కాలనీలో, తూర్పు ముఖం ఇల్లు నచ్చింది. ధర 5 లక్షల డాలర్ల దగ్గర. ఈ ఆదివారం లోపు సంతకం పెడితే వడ్డీ తగ్గిస్తామని సేల్స్ ఆఫీసులో చెప్పారు. తీసుకోవచ్చా, పిల్లలకి మంచిదేనా అని అడిగారు.

పిల్లలున్న కుటుంబానికి ఇలాంటి కమ్యూనిటీ మంచిదే. ఈ శివార్లలోనే ఏళ్ల తరబడి ఉంటూ, ఇక్కడే పిల్లల్ని పెంచాను కాబట్టి ఆ మాట గట్టిగా చెప్పగలను. అయితే ఆదివారం లోపు మాత్రం సంతకం పెట్టకండి. ఇంతవరకు మీరు చూసింది ఇల్లు. కొనబోతున్నది సగం కట్టిన ఊళ్లో వాటా. ఆ ఊరికి నీళ్లు ఎవరు తెచ్చారు, ఆ అప్పు ఎవరు తీరుస్తున్నారు, పెద్ద వాన పడితే నీళ్లు ఎటు పోతాయి, బడి ఎప్పటికి కడతారు, పెత్తనం ఎవరి చేతిలో ఉంది అన్నవి తెలిశాక కౌంటర్‌టాప్ రంగు గురించి ఆలోచించవచ్చు.

ముందు పన్ను సంగతి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ భారంలో చాలా భాగం ఇంటి పన్ను మీద పడుతుంది. కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్ట్ పన్నులు ఎక్కడైనా ఉంటాయి. వాటి మీద కొత్త కమ్యూనిటీల్లో అదనంగా వచ్చేది మడ్ ట్యాక్స్. మడ్ అంటే మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. నగరం హద్దులు దాటిన ఖాళీ పొలాలకి మంచినీళ్లు, డ్రైనేజీ తెచ్చే పని నగరం చెయ్యదు. డెవలపర్ ముందు తన డబ్బు పెట్టి పైపులు వేస్తాడు. తర్వాత మడ్ బాండ్లు అమ్మి ఆ డబ్బు అతనికి తిరిగి ఇస్తుంది. ఆ బాండ్ల అప్పు ఇళ్లు కొన్నవాళ్లు పన్ను రూపంలో కొన్ని దశాబ్దాల పాటు తీరుస్తారు. ఇందులో మోసం ఏమీ లేదు, ఈ పద్ధతి లేకపోతే ఈ శివార్లే ఉండేవి కావు. కానీ కొత్త మడ్‌లో ఇళ్లు తక్కువ, అప్పు ఎక్కువ కాబట్టి మొదట్లో రేటు బాగా ఎక్కువ. ఇళ్లు నిండేకొద్దీ, అప్పు తీరేకొద్దీ సాధారణంగా రేటు దిగుతుంది.

కాబట్టి ఇంటి ధరతో పాటు మొత్తం పన్ను రేటు రాయించుకోండి. కొత్త మడ్‌లలో అన్నీ కలిపి 3 శాతం దగ్గర ఉండటం ఇక్కడ మామూలే. పాత కమ్యూనిటీలో అది 2.2 ఉందనుకుందాం. 5 లక్షల ఇంటి మీద ఒకచోట ఏడాదికి 15,000 డాలర్లు, ఇంకోచోట 11,000. నెలకి 330 డాలర్ల పైచిలుకు తేడా. అంటే పాత కమ్యూనిటీలో కొంచెం ఎక్కువ ధర ఉన్న ఇల్లు కూడా నెల లెక్కలో మీకు సమానంగానో, తక్కువగానో పడొచ్చు. ధరలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి ఈ విషయం తెలియదు.

మడ్‌లో ఇల్లు అమ్మేవాళ్లు కొనేవాళ్లకి ఒక నోటీసు ఇవ్వాలని టెక్సస్ చట్టం చెబుతుంది. ప్రస్తుత పన్ను రేటు ఎంత, ఎంత విలువ బాండ్లకి ఓటర్ల అనుమతి ఉంది, అందులో ఇప్పటికి ఎంత జారీ అయింది అన్నవి అందులో ఉంటాయి. చివరి రెండు అంకెల మధ్య తేడా చూడండి. అనుమతి చాలా ఉండి, జారీ అయింది కొంచెమే అయితే రాబోయే ఫేజుల కోసం ఇంకా అప్పు చేస్తారన్నమాట. రేటు తొందరగా దిగుతుందని సేల్స్ ఆఫీసులో చెప్పే మాటని ఆ కాగితంతో సరిచూసుకోండి. ఫోర్ట్ బెండ్ కౌంటీలో సియెన్నా, రివర్‌స్టోన్ లాంటి చోట్ల కరకట్టల కోసం లెవీ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ పన్ను కూడా ఉంటుంది. మీ లాట్‌కి అలాంటిది ఉందో లేదో అడగండి.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ మందిని టెన్షన్ పెట్టే విషయం. ఇక్కడ పన్నుకి విలువ కట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. ఆ రోజుకి మీ లాట్ ఖాళీగా ఉంటే ఆ ఏడాది పన్ను స్థలానికే వస్తుంది. స్థలం 80,000 అనుకుంటే 3 శాతం చొప్పున 2,400 డాలర్లు, నెలకి 200. లోన్ ఇచ్చినవాళ్లు ఎస్క్రోలో, అంటే పన్ను, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతో పాటు వసూలు చేసి పక్కన పెట్టే ఖాతాలో, అంతే పట్టుకుంటూ పోవచ్చు. మరుసటి ఏడాది ఇల్లు మొత్తానికి 15,000 బిల్లు వస్తుంది. ఎస్క్రోలో ఉన్నది 2,400, లోటు 12,600. ఆ లోటుని 12 నెలలకి పంచితే 1,050. ఇకపై కట్టాల్సిన అసలు పన్ను కోసం ఇంకో 1,050. సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు వల్ల వచ్చే తగ్గింపు పక్కన పెడితే ఒక్కసారిగా నెల కిస్తీ 2,100 డాలర్లు పెరుగుతుంది. జీతాలు బాగానే ఉన్న కుటుంబాలు కూడా ఆ ఉత్తరం చూసి కంగారుపడిపోతాయి. దీనికి మందు తేలిక. క్లోజింగ్‌కి (ఇల్లు మీ పేరు మీదికి మారే రోజుకి) ముందే, పూర్తయిన ఇంటి విలువ మీద ఎస్క్రో లెక్కకట్టమని అడగండి. ఒప్పుకోకపోతే తేడా డబ్బు మీరే ప్రతి నెలా వేరే ఖాతాలో వేసుకోండి.

దీన్ని ఆ వడ్డీ ఆఫర్‌తో కలిపి చూడండి. వడ్డీ తగ్గిస్తామన్నారు సరే, ఎన్నేళ్లకి? బిల్డర్లు ఎక్కువగా ఇచ్చేది 2-1 బైడౌన్. మొదటి ఏడాది అసలు వడ్డీ కంటే 2 శాతం తక్కువ, రెండో ఏడాది 1 శాతం తక్కువ, మూడో ఏడాది నుంచి పూర్తి వడ్డీ. 4 లక్షల లోన్, 6.5 శాతం వడ్డీ అనుకోండి. మొదటి ఏడాది నెలకి 2,027, రెండో ఏడాది 2,271, మూడో ఏడాది నుంచి 2,528 డాలర్లు. ఈ పెరుగుదలా, ఎస్క్రో లోటూ దాదాపు ఒకే సమయంలో వచ్చి పడతాయి. అదే సమయంలో మీ బాబు డేకేర్ ఫీజు కూడా నడుస్తుంటుంది. అందుకే మొదటి ఏడాది కిస్తీని చూసి నిర్ణయం తీసుకోవద్దు. మూడో ఏడాది పూర్తి వడ్డీ, పూర్తి పన్ను, ఇన్సూరెన్స్, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఫీజు అన్నీ వేసుకుని, ఆ అంకెతో మీ ఇద్దరిలో ఒక్క జీతం మీద ఎంతకాలం నెట్టుకురాగలరో చూసుకోండి. 30 ఏళ్లూ ఉండే తగ్గింపు అయితే సంగతి వేరు, అది నిజంగా విలువైనది. ఇంకో మాట, ఆదివారం గడువుని చూసి భయపడకండి. నెలాఖరుకి, త్రైమాసికం చివరికి లెక్క చూపించుకోవాల్సిన అవసరం బిల్డర్లకి ఉంటుంది, ఆఫర్లు మళ్లీ వస్తూనే ఉంటాయి.

తర్వాత వరద. దీన్ని నేను ధర కంటే ముందు పెడతాను. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను వచ్చినప్పుడు ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లు నిండిపోయి, వాటి వెనకాల కట్టిన కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. సింకో రాంచ్‌లో కొంత భాగం అలాగే మునిగింది. ఆ రిజర్వాయర్లు 1940లలో కట్టినవి. పూర్తిగా నిండితే మునిగే నేల అంతా ప్రభుత్వం కొనలేదు, మిగిలిన నేలలో తర్వాత ఇళ్లు వచ్చేశాయి. కొన్ని ప్లాట్ మ్యాపుల (కౌంటీలో నమోదయ్యే లేఔట్ పటాల) మీద, ఇది నీళ్లు నిలిచే అవకాశమున్న నేల అని చిన్న అక్షరాల్లో రాసి ఉందన్న సంగతి మునిగాకే చాలామందికి తెలిసింది. ఆ ఇళ్లలో చాలావాటికి వరద ఇన్సూరెన్స్ కూడా లేదు, ఎందుకంటే అవి కేంద్ర విపత్తుల సంస్థ ఫెమా గీసిన మ్యాపులో వరద జోన్ బయట ఉన్నాయి.

అందుకే "ఇది ఫ్లడ్ జోన్ కాదండీ" అన్న మాటతో ఆగిపోవద్దు. మీ లాట్ ఉన్న ఆ ప్లాట్ మ్యాపు కాపీ తెప్పించుకుని మీరే చదవండి. లాట్ రిజర్వాయర్ ఫ్లడ్ పూల్‌లో, అంటే అది నిండితే మునిగే నేలలో, ఉందా, దగ్గర్లో ఏ వాగు ఉంది, పక్క ఫేజు నేల మీ లాట్ కంటే ఎత్తుగా చేస్తున్నారా అని అడగండి. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేది అనుకుంటారు. ఏ ఏడాదైనా రావడానికి 1 శాతం అవకాశం ఉందని దాని అర్థం. 30 ఏళ్ల లోన్ కాలంలో లెక్కేస్తే అది 26 శాతం. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు. జోన్ బయట ఉన్నా సరే విడిగా ఫ్లడ్ పాలసీ తీసుకోండి. ప్రభుత్వ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000, సామానుకి 1,00,000 డాలర్ల వరకు వస్తుంది. లోన్ క్లోజింగ్‌తో పాటు తీసుకోకపోతే అమలు కావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది, తుఫాను పేరు పెట్టాక పరిగెత్తితే లాభం లేదు. బ్రోచర్‌లో లేక్ అని రాసినవి చాలావరకు వాన నీళ్లు నిలబెట్టే డిటెన్షన్ చెరువులే. చూడ్డానికి బాగుంటాయి, నడవడానికి బాగుంటాయి. వాటి పక్క లాట్‌కి ప్రీమియం కట్టేముందు, మూడేళ్ల పిల్లాడు వెనక తలుపు తీసుకుని ఎంత దూరంలో నీళ్లు తాకుతాడో చూసుకోండి. వెనక కంచె ఇనుప చువ్వలదైతే గేటుకి తాళం ఎలా ఉందో కూడా చూడండి.

బడి సంగతి. ఉత్తరాల చిరునామాలో కేటీ (ఇక్కడి శివారు పట్టణం) అని ఉంటే కేటీ ఐఎస్‌డీ, అంటే కేటీ స్కూల్ డిస్ట్రిక్ట్, అనుకోకూడదు. కేటీ చిరునామా ఉన్న ఇళ్లలో సై-ఫెయిర్ ఐఎస్‌డీలోకి వచ్చేవి ఉన్నాయి. ఫుల్షర్‌లో కొన్ని ఇళ్లు లామార్, కొన్ని కేటీ. ఒకే కమ్యూనిటీలో వీధి మారితే డిస్ట్రిక్ట్ మారే చోట్లు కూడా ఉన్నాయి. సేల్స్ మ్యాపులో ఎలిమెంటరీ స్కూల్ స్థలం అని ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. స్థలం కేటాయించడం వేరు, బాండుకి ఓటింగ్ అవడం వేరు, కట్టడం మొదలవడం వేరు. డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి, మీ లాట్ నంబరు చెప్పి, ఇప్పుడు ఏ స్కూలు, వచ్చే రెండు మూడేళ్లలో హద్దులు మార్చే ఆలోచన ఉందా అని అడగండి. వాళ్లు మర్యాదగానే చెబుతారు. వేగంగా పెరిగే డిస్ట్రిక్టుల్లో ప్రతి కొత్త బడి తెరిచినప్పుడల్లా హద్దులు మారతాయి. టెక్సస్‌లో కేజీ నుంచి 4వ తరగతి వరకు క్లాసుకి 22 మంది పరిమితి ఉంది, దాటాలంటే మినహాయింపు తెచ్చుకోవాలి. ఆ కారణంగా తరగతి నిండిపోతే ఆలస్యంగా చేరిన పిల్లల్ని పక్క స్కూలుకి పంపడం జరుగుతుంది. మీ పాపకి ఇదే వర్తించవచ్చు. రేటింగ్ 9 ఉందా 10 ఉందా అన్న తాపత్రయం కంటే, నాలుగేళ్లలో మూడు బడులు మారాల్సి వస్తుందా అన్నది పాపకి ముఖ్యం.

ఇక ఫ్యామిలీ ఫ్రెండ్లీ అంటే ఏమిటో చెప్తాను. 1929లో క్లారెన్స్ పెర్రీ అనే ప్లానర్ ఒక ఆలోచన రాశాడు. మధ్యలో బడి ఉండాలి, పిల్లలు పెద్ద రోడ్డు దాటకుండా నడిచి వెళ్లాలి, పెద్ద రోడ్లు కాలనీ అంచున మాత్రమే ఉండాలి. జేమ్స్ రౌజ్ 1967లో మొదలుపెట్టిన మేరీలాండ్ కొలంబియాలో ఆ ఆలోచన కనిపిస్తుంది. మన ఉత్తరాన జార్జ్ మిచెల్ 1974లో తెరిచిన ది వుడ్‌లాండ్స్‌లోనూ అంతే. అక్కడ ఒక్కో విలేజ్‌కీ దుకాణాలు, చెట్ల మధ్య నడక దారులు ఏర్పాటు చేశారు. వాన నీళ్లు సహజంగా ఇంకేలా వాగుల్ని వదిలి ప్లాన్ గీశారు. మీరు చూసిన చోటుని ఈ కొలతతో చూడండి. స్విమ్మింగ్ పూల్ ఎంత పెద్దదన్నది రెండో విషయం. మీ గడప నుంచి పార్కుకి, బడికి మీ పాప సైకిల్ మీద ఒంటరిగా వెళ్లేలా దారి ఉందా? మధ్యలో నాలుగు లేన్ల రోడ్డు ఉందా? ఫుట్‌పాత్ అన్నిచోట్లా ఉందా, కట్టని ఫేజు దగ్గర ఆగిపోతోందా? పెద్ద పూల్‌కి అందరూ కార్లలోనే వస్తున్నారంటే ప్లాన్‌లో లోపం ఉన్నట్టే.

పగటిపూట ఇంట్లో ఎవరుంటారో వాళ్ల కళ్లతో చూడండి. మీరిద్దరూ ఆఫీసుకి పోతారు, పిల్లలు బడికి పోతారు. మిగిలేది పెద్దవాళ్లు, కారు లేదు. ఇక్కడ చాలా కుటుంబాల్లో అసలు కష్టం ఇదే, కానీ ఇల్లు చూసేటప్పుడు ఎవరూ దీని గురించి మాట్లాడరు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఐదున్నరకి వెళ్లి ఆ వీధుల్లో నడవండి. స్ట్రోలర్లు తోసుకుంటూ అమ్మమ్మలు కనిపిస్తున్నారా, బెంచీల మీద తాతయ్యలు కూర్చున్నారా, పిల్లలు బయట ఆడుతున్నారా గమనించండి. కనిపిస్తే ఆగి పలకరించండి. డ్రైనేజీ వాసన, ట్రాఫిక్, బిల్డర్ రిపేర్లకి ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చింది, ఇవన్నీ వాళ్లే చెప్తారు. కొత్త ఫేజులో మొదటి ఏడాది రెండేళ్లు లారీల మోత, దుమ్ము, రోడ్డు మీద మేకులు తప్పవు. ఎండాకాలంలో నడకకి నీడ ఉండదు, చెట్లు ఎదగాలిగా. పదేళ్ల వయసున్న కమ్యూనిటీలో రీసేల్ ఇల్లు కూడా ఒకసారి చూడమని చెప్పడానికి నాకు ఇదే పెద్ద కారణం. అక్కడ నీడ ఉంది, బడి కట్టి ఉంది, వరద వచ్చినప్పుడు ఏమైందో చరిత్ర ఉంది, మడ్ రేటు ఇప్పటికే దిగి ఉంటుంది. బదులుగా ఏసీ, రూఫ్ పాతబడి ఉంటాయి. ఆ ఖర్చు అంచనా వేసుకోగలిగింది, ముందే బేరమాడగలిగింది.

ఆఫీసుకి దారి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. సోమవారం ఉదయం ఏడింటికి ఆ ఇంటి నుంచి ఆఫీసుకి ఒకసారి కారులో వెళ్లిరండి. గ్రాండ్ పార్క్‌వే, వెస్ట్‌పార్క్ రెండూ చాలావరకు టోల్ రోడ్లు, ఆ డబ్బు కూడా నెల ఖర్చులో వేసుకోండి.

హెచ్‌ఓఏని చాలామంది ఫీజు వరకే చూస్తారు. సభ్యత్వం తప్పనిసరి, మానేసే వీలు లేదు. బకాయి పడితే టెక్సస్‌లో ఇంటిని జప్తు చేసే అధికారం వరకు వెళ్లొచ్చు, జరిమానాలు మాత్రమే బకాయి ఉంటే జప్తు కుదరదు. అమెనిటీస్ ఇంకా కట్టని చోట పూల్ తేదీని నోటిమాటగా నమ్మవద్దు. డెవలపర్ చేతిలో బోర్డు ఉన్నంతకాలం బడ్జెట్ వాళ్లదే. 75 శాతం లాట్లు అమ్ముడయ్యాక 120 రోజుల్లోపు బోర్డులో కనీసం మూడోవంతు ఇళ్లవాళ్లు ఎన్నుకున్న సభ్యులు ఉండాలని రాష్ట్ర చట్టం. మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. మడ్ బోర్డు ఎన్నికలో ఓటు వెయ్యాలంటే అమెరికా పౌరులై ఉండాలి. హెచ్‌ఓఏలో ఓటు ఇంటి యజమానిది, వీసాతో సంబంధం లేదు. ఈ శివార్లలో మనవాళ్లు ఇంతమంది ఉండి ఆ మీటింగులకి వెళ్లేది కొద్దిమందే. క్రికెట్ పిచ్ కావాలన్నా, పార్టీ హాలు వేళలు మారాలన్నా అడగాల్సింది అక్కడే. గుమ్మానికి తోరణం, దేవుడి పటం లాంటి మతపరమైన అలంకరణల్ని హెచ్‌ఓఏలు అడ్డుకోకుండా 2021లో చట్టాన్ని సవరించారు. ఎవరైనా ఉత్తరం పంపితే మర్యాదగా ఆ సంగతి గుర్తుచేయండి.

ఇల్లు విషయానికొస్తే, తూర్పు ముఖం లాట్లకి మనవాళ్లు ఎగబడతారని బిల్డర్లకి తెలుసు, ప్రీమియం దానికి తగ్గట్టు ఉంటుంది. మీకు నమ్మకం ఉంటే కొనండి, అందులో తప్పేం లేదు. కానీ తూర్పు ముఖం అంటే పెరడు పడమరకి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు సాయంత్రం ఎండ నేరుగా వెనక గదుల్లోకి, పాటియోలోకి కొడుతుంది. కప్పు ఉన్న పాటియో లేకపోతే పిల్లలు సాయంత్రం పెరట్లో అడుగుపెట్టరు. పొయ్యి పైన వెంట్ పొగని బయటికి పంపుతుందా, మైక్రోవేవ్ లోంచి మళ్లీ ఇంట్లోకే వదులుతుందా అడగండి. మన పోపులకి, వేపుళ్లకి బయటికి పంపేదే కావాలి. ఇల్లు కడుతున్నప్పుడు పెట్టించుకోవడం తేలిక, తర్వాత గోడ పగలగొట్టాలి. కింద ఒక బెడ్రూమ్, స్నానాల గదితో సహా, పెద్దవాళ్ల కోసం ఉండి తీరాలి. మిగతా అప్‌గ్రేడ్లు, షాండిలియర్లు వగైరా, తర్వాత బయట తక్కువకే దొరుకుతాయి.

సేల్స్ ఆఫీసులో నవ్వుతూ మాట్లాడే మనిషి బిల్డర్ మనిషి. మీ తరఫున మాట్లాడే ఏజెంట్ కావాలంటే మొదటిసారి వెళ్లినప్పుడే పేరు నమోదు చేయించాలి, తర్వాత చాలామంది బిల్డర్లు ఒప్పుకోరు. 2024 ఆగస్టు నుంచి ఏజెంట్లు ఇల్లు చూపించేముందే మీతో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటున్నారు, అందులో ఫీజు ఎంతో చదవండి. రీసేల్ ఇళ్లకి వాడే రాష్ట్ర కాంట్రాక్టులో కొద్ది రుసుముతో ఆప్షన్ పీరియడ్ కొనుక్కుని, ఆలోపు ఏ కారణానికైనా తప్పుకోవచ్చు. బిల్డర్ తన సొంత కాంట్రాక్టు వాడతాడు, అందులో ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. డిపాజిట్ ఎప్పుడు పోతుంది, ఆలస్యమైతే మీకేం హక్కుంది, గొడవ వస్తే కోర్టా ఆర్బిట్రేషనా అన్న మూడు చోట్లయినా వేలు పెట్టి చదవండి. రియల్ ఎస్టేట్ లాయర్‌తో ఒక గంట చదివించుకుంటే అయ్యే ఖర్చు 5 లక్షల ముందు లెక్కలోకి రాదు.

సిటీ ఇన్‌స్పెక్షన్ అయిపోయింది, మీకు వేరేగా ఎందుకండీ అంటారు. కావాలి. స్లాబ్ పోసేముందు ఒకసారి, గోడలకి షీట్‌రాక్ పలకలు కొట్టి మూసేముందు ఒకసారి, చివర్లో ఒకసారి లైసెన్స్ ఉన్న మీ సొంత ఇన్‌స్పెక్టర్ చూడాలి. మధ్యది అన్నిటికంటే ముఖ్యం, ఆ తర్వాత వైర్లు, పైపులు, కొయ్య ఫ్రేమ్ మళ్లీ కనిపించవు. మొదటి ఏడాది వారంటీ ముగిసేలోపు, పదకొండో నెలలో ఇంకోసారి చేయించండి. వారంటీ సాధారణంగా పనితనానికి ఏడాది, ప్లంబింగ్, ఏసీ లాంటివాటికి రెండేళ్లు, స్ట్రక్చర్‌కి పదేళ్లు ఉండేది. 2023లో వచ్చిన చట్టం తర్వాత, నిర్ణీత రాతపూర్వక వారంటీ ఇచ్చే బిల్డర్ల మీద దావా వేసే గడువు పదేళ్ల నుంచి ఆరేళ్లకి తగ్గింది. మీ కాగితంలో స్ట్రక్చర్‌కి ఆరా పదా చూడండి. ఇక్కడి బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, ఫౌండేషన్ బీటలకి అదే కారణం. ఇంటి చుట్టూ వాలు బయటికి ఉండాలి, గటర్లు పెట్టించాలి, మండువేసవిలో పునాది చుట్టూ నేల పూర్తిగా ఎండిపోకుండా తడుపుతూ ఉండాలి.

వీసా సంగతి మీరు అడగలేదు, కానీ అడగాల్సిన ప్రశ్న అదే. 2025 మే 25 నుంచి పర్మనెంట్ రెసిడెంట్ కానివాళ్లకి కేంద్ర ప్రభుత్వ హామీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఆపేశారు. హెచ్1బీ మీద ఆ హామీ లేని కన్వెన్షనల్ లోన్ దొరుకుతుంది. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు, ఆలోపు ఇల్లు అమ్మడం కుదరని పని. ఇంకా కడుతున్న కమ్యూనిటీలో రెండు మూడేళ్లకే అమ్మాల్సి వస్తే మీకు పోటీ అదే బిల్డర్. పక్క వీధిలో సరికొత్త ఇల్లు, దానికి తగ్గించిన వడ్డీ, మీ ఇంటికి అవేవీ ఉండవు. అందువల్ల ఐదారేళ్లు అక్కడినుంచి కదలబోమన్న ధైర్యం ఉంటేనే మొదటి ఫేజుల్లో కొనండి. లేకపోతే దాదాపు పూర్తయిన కమ్యూనిటీలో కొనండి, లేదా అదే స్కూల్ హద్దులో ఒక ఏడాది అద్దెకుండి చూడండి. అద్దె డబ్బు వృథా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆ ఏడాదిలో ఆ ఊరు మీకు సరిపోతుందో లేదో తెలుస్తుంది, అది తక్కువ లాభం కాదు. అద్దెకిచ్చి వెళ్లిపోదాం అనుకుంటే, హెచ్‌ఓఏ నిబంధనల్లో అద్దె మీద ఏమైనా ఆంక్షలు ఉన్నాయేమో ముందే చూసుకోండి.

కొన్నాక వెంటనే చేయాల్సింది ఒకటి మిగిలింది. ఇంట్లో దిగగానే డ్రైవింగ్ లైసెన్స్ మీద చిరునామా మార్చుకుని, పన్ను కోసం ఇంటి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో హోమ్‌స్టెడ్ ఫారం వెయ్యండి. పౌరసత్వం అక్కర్లేదు, మీరు అందులో నివసిస్తే చాలు. స్కూల్ పన్నుకి విలువలోంచి తీసేసే మొత్తాన్ని 2025 నవంబర్‌లో ఓటర్లు 1,00,000 నుంచి 1,40,000 డాలర్లకి పెంచారు. స్కూల్ రేటు 1.1 శాతం దగ్గర ఉన్నచోట ఏడాదికి 1,500 డాలర్ల పైన మిగులుతుంది. తర్వాతి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏటా 10 శాతం మించి పెరగకుండా రక్షణ కూడా వస్తుంది. మామూలు గడువు ఏప్రిల్ 30. ఏటా వసంతంలో వచ్చే విలువ నోటీసు ఎక్కువగా అనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు వచ్చిన 30 రోజుల లోపు, ఏది తర్వాతైతే ఆ తేదీకి ప్రొటెస్ట్ వెయ్యండి. క్లోజింగ్ అయిన కొన్ని వారాలకి, ప్రభుత్వ ముద్రలాంటి గుర్తుతో, హోమ్‌స్టెడ్ ఫారం మేం వేస్తాం రుసుము పంపండి అని ప్రైవేటు ఉత్తరాలు వస్తాయి. చించి పారెయ్యండి. ఆ ఫారం ఉచితం, ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని.